నరసమ్మప్ప తూకం

ఈ బరువు మోయడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఎంత బరువో చెప్పలేను. తూకాలు చెప్పి బతికినవాణ్ణి, ఇదొక్కటీ చెప్పలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీ దగ్గర కూర్చున్నాను. తెలిసినవాళ్లకి చెప్పగలిగితే ఎప్పుడో చెప్పేవాణ్ణి.

రాష్ట్రం హద్దు దాటితే వచ్చే రాయగడలో వెదురూ, నీలగిరి కర్రా వేసుకొచ్చే లారీలను తూచే కాటా దగ్గర నా పని. మా నాన్న పార్వతీపురం వైపు నుంచి ఇక్కడికి కూలికి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. బడి మధ్యలో మానేశాను. లెక్కలు నాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, కాటా గదిలో నిలబడి నేర్చుకున్నాను. ఒక్క అలవాటు మాత్రం మొదటినుంచీ ఉంది. ప్రతి లారీకీ ముందు కాటాను సున్నాకి తెస్తాను. పళ్లెం మీద బురద పేరుకున్నా, వాననీరు నిలిచినా సున్నా జరుగుతుంది. చాలామంది పొద్దున ఒకసారి చూసి వదిలేస్తారు. నేను లారీ లారీకీ చూస్తాను. డ్రైవర్లు హారన్ కొట్టి విసుక్కుంటారు, కానీ తూకం విషయంలో నాతో ఎవరూ తగాదా పడరు. ఊళ్లో నాకు పేరంటూ ఉంటే అది ఆ సున్నా వల్ల వచ్చిందే. నేను చేసిన తప్పు ఆ పేరు వెనకే దాక్కుంది.

క్యాన్సరు వచ్చినవాళ్లూ, వాళ్ల ఇంటివాళ్లూ పదిహేను రోజులకో ఆదివారం కలిసి కూర్చునే గుంపు ఒకటి మా ఊళ్లో ఉంది. మన తెలుగువాళ్లు కట్టుకున్న రేకుల హాల్లో చాపలు పరుచుకుని కూర్చుంటాం. విశాఖపట్నం ఆసుపత్రికి ఏ బండికి వెళ్లాలి, ఏ కిటికీ దగ్గర చీటీ రాయించాలి, మందు ఎక్కించాక నోరు పూస్తే ఏం తినాలి, జుట్టు ఊడితే పిల్లలకి ఏం చెప్పాలి, ఇవే మాటలు. ఆ గుంపును నడిపేది నేనే. ఇప్పటికీ నేనే.

నెల కిందట కోరాపుట్ నుంచి లచ్చిమి ఫోను చేసింది. లచ్చిమి మా గుంపుకి వస్తుండిన నరసమ్మప్ప కూతురు. అక్కడ మునిసిపాలిటీలో పని చేస్తోంది. కోరాపుట్ వాళ్లు ఇంతదూరం బండెక్కి రాలేకపోతున్నారనీ, అక్కడే ఒక గుంపు మొదలుపెడుతున్నామనీ, దాన్ని తననే నడపమంటున్నారనీ చెప్పింది. "మావయ్యా, ఈ పని సేసీవోలికి ఏటేటి గుణాలుండాలో ఒక కాయితమ్మీద రాసియ్యండి. మీకు తెలిసినంత ఇంకెవులికి తెలుస్తాది?" అంది. ఇంకొకటి కూడా అడిగింది. అది తరువాత చెబుతాను. ఇప్పుడే చెబితే మిగతాది చెప్పలేను.

కాగితం తీసుకుని కూర్చున్నాను. ఓర్పు ఉండాలి అని రాశాను. వాళ్ల ముందు ఏడవకూడదు అని రాశాను. ఆశ పోకుండా చూడాలి అని రాసి, చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయి, కొట్టేశాను. మళ్లీ రాశాను. మళ్లీ కొట్టేశాను. ఆ ఒక్క మాట దగ్గరే నా కథంతా ఉంది.

ముందు నా భార్య గురించి చెప్పాలి. ఆమెకి వచ్చింది కడుపులో. ఆపరేషన్ అయ్యాక డాక్టరు చెప్పిన మాట ఒకటే. తూకం చూస్తూ ఉండండి, తగ్గుతుంటే ఇచ్చిన తారీకు కోసం ఆగకండి, వెంటనే తీసుకురండి. ఇంటికో చిన్న కాటా కొన్నాను. గుండ్రని అద్దం, లోపల ముల్లు, అంచున వేలితో తిప్పే చిన్న చక్రం. ఆ చక్రం సున్నా సరిచేసుకోవడానికి. ఆమె ఎక్కేది. "తగ్గానా?" అని అడిగేది. తగ్గితే తగ్గావనే చెప్పేవాణ్ణి. ఎంత తగ్గిందో కూడా చెప్పేవాణ్ణి. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు, అప్పటికి. విన్న రోజున ఆమె అన్నం కలిపి, కంచం పక్కకి జరిపేది. కొన్నాళ్లకి కాటా ఎక్కనంది. తరువాత తిననంది. ఆమె పోయింది. జబ్బు తీసుకుపోయిందని అందరూ అన్నారు. నాకు మాత్రం ఆమె కంచం పక్కకి జరపడమే కనిపించేది. నేను చెప్పిన అంకె ఆమె ఆకలిని తినేసింది అనుకున్నాను. అలా అనుకోవడం తప్పో ఒప్పో చూసుకోలేదు. ఒక్క లారీని తూచి, ఆ రోజు వచ్చిన సరుకంతా ఇంతే అని చెప్పేవాణ్ణి కాను నేను, కాటా గదిలో. అలాంటిది ఒక్క చావును చూసి, నిజం మనిషిని చంపుతుందని తేల్చేసుకున్నాను.

ఆమె పోయాక కూడా నేను విశాఖపట్నం వెళ్లడం మానలేదు. దారి తెలిసినవాణ్ణని ఎవరో ఒకరు తోడు రమ్మనేవారు. అలా ఒకరికి ఒకరు కలిసి గుంపు అయింది. దానికి పెద్దగా ఉండాల్సింది నువ్వే అన్నారు. ఎందుకు నేను? ఏడవడని. మాట మీద ఉంటాడని. లెక్క తప్పడని. మా ఇంట్లో పడి ఉన్న ఆ చిన్న కాటాను హాల్లోకి తెచ్చి పెట్టింది కూడా నేనే. డాక్టరు మాట మరిచిపోకుండా, వచ్చిన ప్రతి ఒక్కరినీ తూచేవాణ్ణి. కొత్తగా వచ్చినవాళ్లకి మొట్టమొదట చెప్పే మాట కూడా అదే. తగ్గుతుంటే తారీకు కోసం ఆగకండి.

నవ్వొస్తోందా? నాకు రావడం మానేసింది.

మొదటిసారి చక్రం తిప్పింది ఒక ముసలాయన కోసం. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి దిగిపోయినవాడు, గొంతులో జబ్బు. ముల్లు చూసుకుని, కాటా దిగి, గోడకి తిరిగి కూర్చున్నాడు. వేడివేడి ఉప్మా పెడితే ఆకు పక్కకి జరిపాడు. ఆకు జరిపిన ఆ చెయ్యి. అంతే, నాకు ఇంకేమీ కనబడలేదు. తరువాతి ఆదివారం ఆయన ఎక్కబోయే ముందు వంగి, సున్నా చూస్తున్నట్టుగానే వంగి, చక్రాన్ని రవ్వంత ముందుకి తిప్పాను. ఎవరూ అనుమానించలేదు. ప్రతి మనిషికీ ముందు నేను వంగి సున్నా సరిచేయడం వాళ్లకి అలవాటే కదా. ముల్లు కాస్త పైన ఆగింది. ముసలాయన మొహం విప్పారింది. ఆ రోజు రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. ఆయన ఇప్పటికీ ఉన్నాడు. జబ్బు తగ్గింది, ఒళ్లు చేసింది, "ఆ కాటా సలవేరా బావూ" అంటాడు. నిజంగానే దాని వల్ల బతికాడా? మందు వల్ల బతికాడా? నాకు తెలియదు. తెలియకపోయినా, నేను గెలిచాననుకున్నాను. నా భార్య దగ్గర ఓడిపోయింది ఇక్కడ గెలిచాననుకున్నాను.

ఇక మానలేకపోయాను. ఇందులో ఒక లెక్క ఉంది. కాటా చేత ఒకసారి అబద్ధం చెప్పిస్తే, మరుసటిసారి అంతకంటే పెద్దది చెప్పించాలి. మనిషి అరకిలో తగ్గి, పావుకిలో పెరిగినట్టు కనబడాలంటే ముప్పావుకిలో కలపాలి. మళ్లీ వచ్చేసరికి ఇంకా తగ్గితే, పాత ముప్పావూ కలపాలి, కొత్తగా తగ్గిందీ కలపాలి, ఆ పైన సంతోషానికి ఇంకో పావు. అందరికీ కాదు. నిజంగా పెరుగుతున్నవాళ్లకి సున్నాని సున్నాలాగే ఉంచేవాణ్ణి. దిగులు పడేవాళ్లకే కలిపేవాణ్ణి. ఎవరికి ఎంత కలిపానో తలలో ఉండేది. ఒక్కరి విషయంలోనూ మరిచిపోలేదు. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోవాలి. నేను ఎక్కడా పొరపడలేదు.

నరసమ్మప్పది కోరాపుట్. మునిసిపాలిటీలో వీధులు ఊడ్చే పని. పూర్తి పేరు అప్పలనరసమ్మ. నాకంటే కొంచెం పెద్దది, అందుకని అప్పా అనేవాణ్ణి, ఆమె తమ్ముడూ అనేది. వాళ్లమ్మా, వాళ్లమ్మమ్మా అడ్డపొగ తాగినవాళ్లే. చుట్ట వెలిగించి, నిప్పు కొస నోట్లో పెట్టుకుని పీల్చడం. మన వైపు ఆడవాళ్లకి తెలిసినదే. పొద్దున్నే చలిలో రోడ్డు ఊడ్చేటప్పుడు నోట్లో ఆ వెచ్చదనం లేకపోతే చీపురు కదలదు అనేది. ఆ నిప్పే అంగిట్లో పుండైంది. ఆపరేషన్ చేసి, అంగిలి పోయిన చోట పలక లాంటిది అమర్చారు. మాట ముక్కులోంచి వచ్చేది. కొత్తవాళ్లకి అర్థం కాదు. అయినా నోరు ఊరుకునేది కాదు. నేను వంగి సున్నా చూస్తుంటే, "మా సెత్తబండినైనా ఇంత తూకం సూడరు తమ్ముడూ" అనేది. చాపల మీద కూర్చున్నవాళ్లంతా నవ్వేవారు. ఆ హాల్లో నవ్వు వినబడిందంటే చాలాసార్లు అది ఆమె తెచ్చిందే. ఆమె రాని ఆదివారం మాటలు తొందరగా అయిపోయేవి.

ఆమె తగ్గుతోంది. మొదట కొంచెం. మింగడం కష్టమయింది, చోడంబలి పలచన చేసి తాగుతున్నాను అనేది. నేను కలిపాను. మళ్లీ తగ్గింది. మళ్లీ కలిపాను. ఎందుకు? ఆమె దిగులుపడే మనిషి కాదు. ముసలాయనలా గోడకి తిరిగి కూర్చునే రకం కాదు. నిజం చెబితే ఏదో ఒక ఎగతాళి చేసి, మర్నాడు బండెక్కి ఉండేది. ఇది నాకు అప్పుడూ తెలుసు. మరెందుకు? ఎన్నిసార్లు అడుక్కున్నా ఒకే జవాబు వస్తోంది. ఆమె నవ్వు పోతుందని నాకు భయం. ఆమెకి కాదు, నాకు. ఆ నవ్వు మీదే ఆ హాలు నడుస్తోందని, దాన్ని నడుపుతున్నది నేనని. ఆమె మొహం పడిపోవడం చూడలేక చక్రం తిప్పాను. వాళ్ల కోసం అని నేను అనుకున్నదంతా నా కోసమే చేశాను.

ఆ రోజు సంగతి చెబుతాను.

వాన పడి వెలిసిన ఆదివారం. గుంపు ముగిశాక కోరాపుట్ బండికోసం తల్లీకూతుళ్లు ప్లాట్‌ఫారం మీద కూర్చున్నారు. నేను దిగబెట్టడానికి వెళ్లాను. ఆ పొద్దున నరసమ్మప్ప తూకం కాటా మీద ఎప్పటికంటే ఇంకాస్త ఎక్కువ కనబడింది. అసలు తూకం నా తలలో ఉంది. అది మొదటిసారి నన్ను భయపెట్టింది. ఇక చెప్పాలి అనుకుంటూనే స్టేషనుకి నడిచాను. లచ్చిమి నీళ్ల కుళాయి దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"మావయ్యా, ఒక మాట అడగనా? అమ్మ జాకెట్లన్నీ ఒదులైపోతన్నాయి. మొన్ననే కుట్లు ఏసి బిగించేను. మల్లీ ఒదులే. గాజులు మోసేతిదాకా జారిపోతన్నాయి. కాటా సూస్తే పెరిగిందంటన్నాది. ఇదేటి?"

చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు. కాటాది తప్పని ఆ పిల్ల తానే దాదాపు అనేసింది. నేను తల ఊపితే సరిపోయేది.

"జాకెట్టుగుడ్డ ఉతగ్గా ఉతగ్గా సాగిపోతాదమ్మి. మందులకి సేతుల్లో నీరు తీసి గాజులు జారతాయి. కాటా ఎక్కడ తప్పుతాది?" అన్నాను.

"అయితే తారీకు దాకా ఆగమంటారా? నేపోతే రేపే వైజాగు తీసుకెల్లిపోనా? అమ్మ సేత సెలవు పెట్టిస్తాను."

"తారీకెంతో దూరం నేదు కదా. ఆగండి."

బెంచీ మీంచి నరసమ్మప్ప అరిచింది. "ఏటే గుంటా, కుళాయికాడ మంతనాలు? నాను ఇనకూడదేటి?"

"ఏటీ నేదే. నీ తూకం సంగతి," అంది లచ్చిమి.

"ఓలమ్మో! మీ మావ మీద దీనికి నమ్మకం నేదట సూడు తమ్ముడూ. లారీలకే అబద్ధం సెప్పని మనిసి, నాకు సెప్తాడేటే?"

అని నవ్వింది. ముక్కులోంచి వచ్చే ఆ నవ్వు. బండి వచ్చింది. లచ్చిమి తల్లి నడుం చుట్టూ చెయ్యి వేసి ఎక్కించింది. ఎక్కించడానికి ఏ బలమూ అక్కర్లేకపోయింది. అది నేను చూశాను. రోజూ బరువులు చూసే కళ్లు ఇవి. మెట్టు మీద ఆమె పాదం మోపిన తీరులోనే తెలిసిపోయింది. బండి కదిలింది. ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపింది, గాజులు మోచేతి దగ్గర పోగుపడ్డాయి. నేనూ చెయ్యి ఊపాను.

ఎందుకు చెప్పలేదు? రేపే వెళ్లండి అనడానికి ఒక్క మాట చాలు. కానీ ఎందుకు అని ఆ పిల్ల అడుగుతుంది. తూకం తగ్గిందని చెప్పాలి. మరి కాటా పెరిగిందంది కదా అంటుంది. అక్కడ నేను బయటపడతాను. ఇన్నాళ్లూ ఇన్ని మొహాల మీద నేను పూసిన సంతోషమంతా బయటపడుతుంది. ప్రతి లారీకీ సున్నా చూసే మనిషి అన్న పేరు పోతుంది. ఒక పక్కన ఆ పేరు, ఇంకో పక్కన ఆమె ప్రాణం. రెండింటినీ చేతుల్లో పట్టుకుని, ఏది బరువో నాకు తెలిసి కూడా, తేలికదాన్ని దాచుకున్నాను. తారీకు దగ్గర్లోనే ఉందిలే, ఈ కొద్దిరోజుల్లో ఏమవుతుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఏమవుతుందో డాక్టరు చెప్పి ఉన్నాడు. ఆ మాటనే నేను పదిమందికి చెప్పి ఉన్నాను.

తారీకు వచ్చేలోగానే ఆమె మంచం దిగలేని స్థితికి వచ్చింది. విశాఖపట్నంలో డాక్టరు మండిపడ్డాడట. ఇంతగా తగ్గుతుంటే ఇంట్లో ఏం చేస్తున్నారు అన్నాడట. తగ్గలేదండీ, పెరిగింది, మా గుంపులో తూస్తారు అని లచ్చిమి వాదించిందట. అయితే మీ కాటా పాడైపోయింది అన్నాడట ఆయన. జబ్బు మళ్లీ పాకింది. ముందే వస్తే గొట్టం వేసి బలం పట్టించి, మళ్లీ మందు ఎక్కించే వీలుండేది అన్నాడట. ఉండేది అన్నాడు. బతికేది అనలేదు. ఈ రెండు మాటల మధ్య దూరం ఎంతో కొలుద్దామని నేను ఏళ్లుగా చూస్తున్నాను. ఆమెకి ఇంకో ఏడాది దక్కేదా? ఇంకో వానాకాలమా? ఏమీ దక్కేది కాదేమో కూడా. లెక్క తేలదు. తేలకపోవడం నాకు ఊరట కావాలి కదా? కాలేదు. ఎంత దొంగిలించానో తెలియని దొంగని నేను.

నరసమ్మప్ప ఆసుపత్రిలోనే పోయింది. చివరిరోజుల్లో వెళ్లాను. మాట పోయింది. చెయ్యి పట్టుకుంటే ఎముకలు చేతికి తగిలాయి. ఆమె నన్ను చూసి, అరచేతిని తక్కెడలా పైకీ కిందికీ ఊపింది. ఎగతాళే అయి ఉంటుంది. ఎగతాళే అని నమ్ముతున్నాను. ఏ రోజూ పూర్తిగా నమ్మలేదు.

పెద్దకర్మ రోజున కోరాపుట్ వెళ్లాను. ఇంటి ముందు పందిరి కింద కూర్చున్నాను. లచ్చిమి వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. నేను నోరు తెరిచేలోపే ఆమె అంది. "కాటా పాడైపోనాదట మావయ్యా. మీరేటి సేస్తారు, మిసను తప్పుకి. మీరు బెంగెట్టుకోకండి."

నేను తల ఊపాను. అవును, మిషను తప్పే అన్నట్టు. ఆ ఊపు, చక్రం తిప్పిన అన్నిసార్లకంటే పెద్ద తప్పు. చక్రం తిప్పినప్పుడు నాకు భయమో, జాలో, పాత దుఃఖమో ఏదో అడ్డం ఉంది. తల ఊపినప్పుడు ఏదీ లేదు. ఎదురుగా తల్లిని పోగొట్టుకున్న పిల్ల ఉంది. నేను ఉన్నాను. ఆమె నన్ను ఓదార్చింది. నేను ఓదార్పించుకున్నాను.

తల్లి ఉద్యోగం లచ్చిమికి ఇచ్చారు. మొదటి జీతంలో కొత్త కాటా కొని రాయగడ తెచ్చింది. అంకెలు వెలిగే రకం. దానికి చక్రం లేదు. ఎవరూ వంగి సరిచేయనక్కర్లేదు, ఎక్కితే తనే సున్నా నుంచి మొదలుపెడుతుంది. ఇంకొకరికి అలా అవకూడదు అంది. పాతదాన్ని తుక్కువాడికి వేసేయండి అన్నారు అందరూ. ముసలాయన ఒక్కడే, "పాపం, దానేటి సేసిందిరా" అన్నాడు. నేను దాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

అప్పటినుంచీ హాల్లో నిజం తూకాలే చెబుతున్నాను. మొహాలు పడిపోతాయి. చూస్తాను. కొందరు ఏడుస్తారు. పక్కన కూర్చుంటాను. కొందరు ఆకు పక్కకి జరుపుతారు. జరిపిన ఆకును మళ్లీ దగ్గరికి జరిపి, కొంచెం తినండి, రేపు బండికి వెళ్దాం అంటాను. చాలామంది తింటారు. ఇంత సులువైన పని అప్పుడు నాకు ఎందుకు తట్టలేదు? నా భార్య కంచం పక్కకి జరిపినప్పుడు, నేను దాన్ని మళ్లీ ఆమె ముందుకి ఎందుకు జరపలేదు? అంకె చెప్పాను, లేచి చెయ్యి కడుక్కున్నాను. ఆమెను చంపింది నిజం కాదేమో. నిజం చెప్పి పక్కన కూర్చోకపోవడమేమో. ఇది తెలుసుకోవడానికి ఇంకో మనిషి కావలసి వచ్చింది.

అలసిపోయాను. పదిహేను రోజులకో ఆదివారం వస్తుంది. కొత్త మొహాలు వస్తాయి. ఎవరో ఒకరు, మీలాంటి మనిషి ఉండబట్టి అంటారు. ఆ మాట వినీ వినీ చెవులు అలసిపోయాయి. వదిలేద్దామంటే, ఎందుకు వదులుతున్నావని అడుగుతారు.

ఇప్పుడు లచ్చిమి అడిగిన రెండో సంగతి. గుణాల కాగితం గురించి అడిగాక, ఫోనులోనే అంది. "ఇంకో ముక్క మావయ్యా. ఆ పాత కాటా మీకాడే ఉన్నాది కదా? దాన్ని బాగు సేయించి మాకు ఇచ్చీరాదూ? మొదట్లో కొత్తది కొనలేం. అమ్మ ఎక్కిన కాటా. ఉంటే బాగుంటాది."

బాగు చేయించమంది. అందులో పాడైనది ఏదీ లేదు. మంచం కింద నుంచి తీసి దుమ్ము తుడిచాను. ముల్లు నేను ఆఖరున వదిలిన చోటే ఉంది, సున్నాకి చాలా పైన. ఎవరూ ఎక్కకుండానే ఒక బరువు చూపిస్తోంది. అది నరసమ్మప్పకి నేను కలిపిన బరువు. హాల్లో అందరూ వెళ్లాక సున్నాకి తెద్దామనుకుని, ఆ రోజు స్టేషనుకి తొందరపడి మరిచిపోయాను. ఆ రోజు ఆఖరున ఎక్కింది ఆమే; తరువాత దాన్ని ముట్టుకోలేదు, కొత్తది వచ్చేదాకా ఎవరినీ తూచలేదు. ఇన్నేళ్లు మంచం కింద అలాగే ఉంది, దాని పైనే పడుకున్నాను.

వేలు పెట్టి చక్రాన్ని వెనక్కి తిప్పాను. ముల్లు సున్నా మీదికి వచ్చి ఆగింది. ఐదు కిలోల బియ్యం సంచి పెట్టి చూశాను. సరిగ్గా ఐదు చూపించింది. ఏ తప్పూ చేయనిది, ఇన్నేళ్లు నా బదులు మాట పడింది.

వచ్చే ఆదివారం దాన్ని తీసుకుని కోరాపుట్ బండెక్కుతాను. కాగితం మీద ఓర్పు, ధైర్యం అన్నీ కొట్టేశాను. ఒక్కటే మిగిలింది. తూకం సరిచేసే మనిషీ, తూకం చదివే మనిషీ ఒకరే కాకూడదు అని రాశాను. ఇది గుణం కాదని నాకు తెలుసు. ఆ గుణాలన్నీ నాలో ఉన్నాయనే కదా అందరూ అన్నది. వాటిని నమ్మే నాకు ఆ చక్రాన్ని అప్పగించారు.

అది చదివి లచ్చిమి అడుగుతుంది. ఎందుకు మావయ్యా అని. అడక్క మానదు, అది వాళ్లమ్మ కూతురు. కాటా ఎక్కడ బాగు చేయించారని కూడా అడుగుతుంది. ఈసారి కుళాయి దగ్గరికి పిలవనివ్వను. నేనే పిలుస్తాను. ఏం అంటుందో తెలియదు. క్షమించమని అడగను. అడిగితే మళ్లీ ఆ పిల్లే నన్ను ఓదార్చాల్సి వస్తుంది.

మీకు ముందు చెప్పడం ఎందుకంటే, ఒకసారి నోటితో అనగలనో లేదో చూసుకోవాలి. లారీ ఎక్కించేముందు కాటా మీద తెలిసిన బరువు పెట్టి చూస్తాం కదా. అలా. నరసమ్మప్ప తగ్గుతోందని నాకు తెలుసు. తెలిసీ ఆగమన్నాను.

అన్నాను. తేలిక కాలేదు. కానీ ఇన్నాళ్లకి ఒక తూకం ఉన్నదున్నట్టు చదివాను.